లివర్ కడిగిస్తాం రండి

"లివర్‌లో పేరుకున్న లింఫ్‌ను (రక్తంలోంచి ఊరి కణాల సందుల్లో చేరే ద్రవం) పైత్యరసంలోకి పిండి బయటికి పంపిస్తాం" అంటూ కుడి డొక్క నొక్కి రీల్స్ చేసే మహానుభావులకు ముందుగా సాష్టాంగ నమస్కారం. బ్రహ్మకు తోచని పైపు కనెక్షన్ వీళ్లకు తోచింది మరి.

పాపం, బ్రహ్మ వేసిన ప్లంబింగ్ వేరు. లివర్‌లోని సన్న రక్తనాళాల గోడ జల్లెడ. ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, ఆ చిల్లుల్లోంచి ఊరి, గోడకూ లివర్ కణాలకూ మధ్యనున్న డిస్సే సందులో చేరుతుంది. లింఫ్‌కు అదే ఊట. జల్లెడ గనక ప్రోటీన్లు కూడా దాదాపు ప్లాస్మాలో ఉన్నంతగా వచ్చేస్తాయి. ఒంట్లో తయారయ్యే లింఫ్‌లో పావు నుంచి సగం దాకా లివర్ వాటాయే. పైత్యరసం ఇలా ఊరేది కాదు. దాన్ని అదే లివర్ కణం పక్క గోడ వైపు పనిగట్టుకుని తయారుచేసి సన్న కాలువలోకి వదులుతుంది, రోజుకు ముప్పావు లీటరు అటూ ఇటూ. ఈ రెండు దారులూ కలవకుండా మధ్యలో టైట్ జంక్షన్లనే సీళ్లు. రెండూ రక్తానికి ఎదురు దిక్కునే నడుస్తాయి గానీ, పైత్యరసం పేగులో పడుతుంది, లింఫ్ ఛాతీ మీదుగా మళ్లీ రక్తంలో కలుస్తుంది. రక్తం సొమ్ము రక్తానికే జమ. అందులో చెత్త ఎక్కడుంది స్వామీ? రాయి అడ్డుపడి సీళ్లు వదులైతే పైత్యరసమే లింఫ్‌లోకీ రక్తంలోకీ ఎక్కుతుంది. ఆ కలయికకు ప్యాకేజీ అక్కర్లేదు, కామెర్లు అంటారు.

ఇక లివర్ కడిగేస్తుందంటూ తాగించే ఆలివ్ నూనె, నిమ్మరసం, ఎప్సమ్ సాల్ట్ (భేది ఉప్పు). తెల్లారేసరికి ఇంటాయన టాయిలెట్లో సెల్‌ఫోన్ లైటు వేసుకుని, లివర్‌లోంచి రాళ్లు పడ్డాయనుకుని టీ వడకట్టుతో పచ్చటి గుండ్లు ఏరుతుంటాడు. కడిగి, పేపరు ప్లేటులో పేర్చి, సైజు తెలియడానికి పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫ్యామిలీ గ్రూపులోకి ఫొటో.

"బావగారూ, నలభై మూడు!"

"మాకు అరవై పడ్డాయండీ. ఆయిల్ ఏ బ్రాండు?"

2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇలాంటి గుండ్ల పరీక్ష అచ్చయింది. 40 డిగ్రీల వేడికి పది నిమిషాల్లో కరిగాయి. అసలు రాళ్లలో కనిపించే కొలెస్ట్రాల్ లేదు, బిలిరుబిన్ (పైత్యరసపు రంగు) లేదు, కాల్షియం లేదు. తాగిన నూనే కడుపులో సబ్బయింది. బావగార్లిద్దరూ కలిసి నూటమూడు సబ్బుబిళ్లలు కన్నారు.

నవ్వు ఇక్కడిదాకానే. సిర్రోసిస్‌తో, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడే జబ్బుతో, పొట్ట కుండలా ఉబ్బిన మనిషికి కూడా "లింఫ్ జామైంది" అని నూనె మర్దన చేస్తున్నారు. జామ్ కాదురా నాయనా! గట్టిపడిన లివర్‌లో పీడనం పెరిగి, లింఫ్ ఎన్నో రెట్లు ఊరి, నాళాలు మోయలేక లివర్ పైనుంచి పొట్టలోకి చెమటలా కారుతోంది. ఆ నీటికి ఇన్ఫెక్షన్ సోకిందో లేదో సూదితో తీసి పరీక్షిస్తేగానీ తేలదు. ఆలస్యమైతే మనిషి దక్కడు. జ్వరమో, కడుపునొప్పో, మాట తడబాటో కనిపించిన రోజు ఆ మనిషి ఉండాల్సింది ఆసుపత్రిలో. మీరేమో ఇంకో మూడు సిట్టింగులు రాస్తారు, జీఎస్టీ అదనం.