అల్లుడుగారి బొటనవేలు

అమలాపురం గడియార స్తంభం దగ్గర మొదలుపెట్టి ఏ సెంటరుకెళ్లినా ఇప్పుడు ఒకటే ఫ్లెక్సీ, స్కూబాది. అంటే గాలి సిలిండరు వీపున కట్టుకుని సముద్రంలో మునగడం. నీలంగా మెరిసే నీళ్లు, నారింజ రంగు చేప, ముఖానికి అద్దాల మాస్కు తగిలించుకుని నవ్వుతున్నట్టు కనబడాలని నానా అవస్థ పడుతున్న ఓ కుటుంబం. కింద మూడు హామీలు: ‘ఈత రాకపోయినా పర్వాలేదు, ఏ వయసువారైనా సరే, వీడియో ఉచితం.’ మొదటిది సగం నిజం. రెండోది పచ్చి అబద్ధం. మూడోది మాత్రం అక్షరాలా నిజం. మన కొంప ముంచుతున్నది ఆ నిజమే.

కోనసీమలో ఓ కుటుంబం స్కూబాకి ఊరు ఎంచుకునే పద్ధతి చాలా శాస్త్రీయమైనది. సాయంత్రం అరుగు మీద సభ. అధ్యక్షులు మావయ్యగారు. అత్తయ్యగారిది ఆహార శాఖ: అక్కడ అన్నం దొరుకుతుందా, పెరుగు గట్టిగా తోడుకుంటుందా. పెద్దల్లుడుగారిది ప్రచార శాఖ: వీడియో ఎన్ని నిమిషాలు, వెనకాల పాట మనం చెప్పిందే పెడతారా. నిజంగా నీళ్లలోకి దిగాలని తహతహలాడుతున్న పిల్లలిద్దరికీ ఓటు హక్కు లేదు. గంటన్నర చర్చలో నీళ్ల ఊసు ఒక్కసారే వస్తుంది, అదీ ‘మంచినీళ్ల సీసాలు వాళ్లే ఇస్తారంటాండి?’ అని. పెళ్లిచూపులకెళ్లి పిల్లని తప్ప పెరడు, ప్రహరీ, పాడిగేదె అన్నీ చూసొచ్చినట్టు.

పాడి అంటే గుర్తొచ్చింది. ఆ ఫ్లెక్సీ మూల చిన్న అక్షరాల్లో ‘పాడి’ అని ఉంటుంది. అది మన పాడి కాదు. డైవింగ్ ఎలా నేర్పాలో ప్రమాణాలు పెట్టే సంస్థ, 1966లో అమెరికాలో పుట్టింది. దాని లెక్క ప్రకారం మొదటిసారి సముద్రంలో దిగేవాడికి పదేళ్లు నిండాలి, 12 మీటర్లు దాటకూడదు. ఎనిమిదేళ్ల పిల్లలైతే ఈతకొలను లాంటి చోట, రెండు మీటర్ల లోతు వరకే. మరి ‘ఏ వయసువారైనా సరే’ అన్నది ఏ గేదె చెప్పిందో.

పన్నెండు మీటర్లంటే ఓ మోస్తరు కొబ్బరిచెట్టు. దాన్ని తలకిందులుగా ఎక్కాలి, అంతే. అయితే దింపు తీసేవాడికి చెట్టు మొదట్లోనూ మొవ్వు దగ్గరా ఒకటే గాలి. ఇక్కడలా కాదు. పది మీటర్లు దిగేసరికి ఒత్తిడి రెండింతలవుతుంది, గాలి పరిమాణం సగానికి నలుగుతుంది. చెవి లోపలి గాలి కూడా. ఆ నలుగుడు పైపైనే ఎక్కువ, అందుకే మొదటి మూడు నాలుగు మీటర్లే అసలు గండం. ముక్కు మూసుకుని, నోరు బిగించి, చెవుల్లోకి మెల్లగా గాలి ఊదాలి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, మీటరుకోసారి. తెరుచుకోకపోతే కాస్త పైకొచ్చి మళ్లీ ప్రయత్నించాలి గానీ బలం చూపించకూడదు. జలుబు ఉంటే అసలు దిగకూడదు. ‘మాత్ర వేసుకున్నానండి’ అనే బుద్ధిమంతుడికి మందు ప్రభావం నీళ్లలో ఉండగానే దిగిపోవచ్చు. దిగేటప్పుడు లోపలికెళ్లిన గాలి, పైకొచ్చేటప్పుడు బయటికి దారి దొరక్క చెవిని పట్టుకుని కూర్చుంటుంది.

ఇక ఈత. ‘కాలవల్లో పుట్టి పెరిగినోళ్లం, మాకు నేర్పుతారా ఆయ్’ అని మనవాళ్ల ధీమా. ఆ కాలవ ఈతే ఇక్కడ పగవాడు. కాలవలో ఒడ్డున పీల్చిన గాలితో బుడుంగున మునిగి, ఊపిరి బిగబట్టి, అదే గాలితో తేలతాం. స్కూబాలో కింద ఉండగా, అక్కడి ఒత్తిడితో వచ్చిన గాలి పీలుస్తాం. పది మీటర్ల దగ్గర నిండుగా పీల్చి, అలవాటుకొద్దీ బిగబట్టి పైకి లేస్తే, ఆ గాలి రెండింతలవడానికి చూస్తుంది. ఊపిరితిత్తులు రెండింతలు కావు, చిరుగుతాయి. అందుకే ఈ విద్యలో మొదటి సూత్రం: ఊపిరి ఎప్పుడూ ఆపొద్దు. ఈత రాని పిన్నిగారు చెప్పింది చెప్పినట్టు బుసబుసా పీలుస్తూ హాయిగా తిరిగొస్తారు, గోదావరి ఈదిన బాబాయిగారే ప్రమాదం. అన్నట్టు, ఆ వీపు మీదది ‘ఆక్సిజన్ సిలిండరు’ కాదు. మన అరుగు మీదుండే మామూలు గాలే, 200 బార్ల ఒత్తిడి దాకా కుక్కింది. ఉత్త ఆక్సిజన్ పెట్టుకుని ఆరు మీటర్లు దాటితే ఫిట్స్ రావచ్చు. నోట్లో పెట్టుకునే రెగ్యులేటరు గ్యాస్ బండ మీదుండే దానికి దగ్గర చుట్టమే. ఎక్కువ ఒత్తిడిని తగ్గించి ఇవ్వడమే రెండిటి పనీ.

సభలో ఎవరో ఒకరు లేచి ‘అంతర్వేది ఉండగా అండమాన్ దేనికండి?’ అంటారు. దేశభక్తుడు. పాపం, దక్షిణ గంగ మీద ప్రేమే తప్ప దురుద్దేశం లేదు. ధవళేశ్వరం దాటాక గౌతమి, వసిష్ఠ, వైనతేయ మోసుకొచ్చే ఒండ్రే ఈ మూడు పంటల నేలను చేసింది. ఆ ఒండ్రే సముద్రంలోకీ పోతుంది. మనం చూడబోయే పగడానికి ఎండ పడే తేట నీరు కావాలి, ఉప్పు నిలకడగా ఉండాలి. ఇక్కడ వరదొస్తే సముద్రమే ఎర్రబారుతుంది, ఉప్పు పలచబడుతుంది, మట్టి దిగి అన్నిటినీ కప్పేస్తుంది. పులస ఎదురీదేది ఆ ఎర్రనీటిలోనే, మడలు పెరిగేది ఆ బురదలోనే, మనం తినే అన్నమూ దాని చలవే. కానీ అందులో డైవ్ చేస్తే కనబడేది సొంత మాస్కు లోపలి వైపు. విశాఖ రుషికొండ దాకా వెళ్తే కొంత నయం. మంగమారిపేట దగ్గర నీటి అడుగున సహజమైన రాతి తోరణం కూడా ఉంది. నీళ్లు తేరుకున్న రోజు పడితే అదృష్టం. ఆ రోజు ఏదో ముందే చెప్పి ప్యాకేజీ అమ్మేవాడు మాత్రం జ్యోతిష్కుడు.

అందరికీ తెలిసి ఎవరూ పట్టించుకోనిది క్యాలెండరు. అండమాన్‌లో నీళ్లు నిమ్మళంగా, తేటగా ఉండేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. జనవరిలో సెలవులెప్పుడు? సంక్రాంతికి. సంక్రాంతికి కోనసీమ వదిలి వెళ్లిన అల్లుడు చరిత్రలో లేడు. పందేలెవరు చూస్తారు? కనుమనాడు జగ్గన్నతోట ప్రభలు ఎవరు మోస్తారు? దసరాకి వెళ్దామంటే అప్పుడే సీజను తలుపు తీస్తుంది, తుపాన్లూ అదే తలుపులోంచి వస్తాయి. 1996 నవంబరు 6 రాత్రి ఈ ఊళ్లల్లో ఉన్నవాళ్లకి బంగాళాఖాతం గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. మిగిలింది వేసవి. ఏప్రిల్ ఆఖర్న బడులు మూస్తారు, మే మూడో వారం దాటితే అండమాన్‌కి రుతుపవనాలు వచ్చేస్తాయి. మధ్యలో ఉన్నది మూడు వారాలు. ఆ మూడు వారాల్లోనే ఆవకాయ. కాయ కొట్టించి, టెంక తుడిచి, జాడీ కట్టేదాకా పిన్ని గడప దాటదు. మూడో రోజు తిరగ్గలపాలి కాబట్టి ఆ తర్వాతా దాటదు.

ఆవకాయ ముందా అండమాన్ ముందా అన్నది తేల్చుకోగలిగిన ఇల్లు హావ్‌లాక్ వెళ్లాలి. 2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్, అంటే ఇప్పటి శ్రీవిజయపురం, దాకా విమానం, అక్కడినుంచి ఓడ. అక్కడ నీమో రీఫ్ అనే పగడాల దిబ్బ దగ్గర ఒడ్డునుంచే ఇసుక మీద నడుచుకుంటూ నీళ్లలోకి దిగొచ్చు. కొత్తవాళ్లకి ఇది చిన్న వరం కాదు. నడుము లోతులో నిలబడి రెగ్యులేటరు తీసి పెట్టుకోవడం, మాస్కులోకి నీళ్లొస్తే పై అంచు నొక్కి ముక్కుతో ఊది బయటికి పంపడం నేర్చుకున్నాకే ముందుకెళ్లొచ్చు, భయమేస్తే లేచి నిలబడొచ్చు. ఆవకాయే గెలిచిన ఇంటికి జూన్‌లో మన తీరం ఎటూ పనికిరాదు. శ్రీలంక తూర్పున ట్రింకోమలీ, బాలి ద్వీపం అప్పుడే బాగుంటాయి. లక్షద్వీప్ నీళ్లు అద్దమే గానీ ప్రవేశ అనుమతి ముందే తీసుకోవాలి, ఎక్కువగా కొచ్చి మీంచే పోవాలి. మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి బాగుంటుంది, కానీ పడవలో గంట పైన. గోవా గ్రాండ్ ఐలాండ్ గురించి ఇక్కడ పెద్దగా చెప్పను. అక్కడ చాలా రోజులు నాలుగైదు మీటర్ల అవతల ఏమీ కనబడదు. ఆ మాత్రం దానికి మన కాలవ చాలు.

పడవ అంటే, ఉదయం ఆరింటికి నెయ్యోడే పెసరట్టు, దాని మీద ఉప్మా, దాని మీద ‘మళ్లీ ఎప్పుడు తింటామో’ అని ఇంకోటి. అల మీద అల వచ్చేసరికి పెసరట్టుకి పుట్టిల్లు గుర్తొస్తుంది. రెండు గంటల ముందు తేలిగ్గా తినాలి, పడవ పడనివాళ్లు డాక్టరుని అడిగి గంట ముందే మాత్ర వేసుకోవాలి. నీటి అడుగున వాంతి వస్తే రెగ్యులేటరు తీయకూడదు, దాన్ని నోటికి పట్టుకుని అందులోకే వదలాలి, బయటికి పోతుంది. చేపలు మూగుతాయి. ఉచిత వీడియోలో ఆ చేపల గుంపు చూసి బంధువులు ‘ఎంత అదృష్టమండీ’ అంటారు.

ఇప్పుడు అల్లుడుగారు. నిండు మీసం. మాస్కు అంచు చర్మాన్ని అంటుకుంటేనే నీళ్లు ఆగుతాయి. మీసం మీద అంటుకోదు, వెంట్రుక వెంట్రుకకీ ఓ పిల్లకాలవ. నాలుగు మీటర్ల దగ్గర ముక్కు మునిగింది. అయినా అల్లుడుగారు బెదరలేదు. ఎదురుగా కెమెరా. ఉత్సాహం ఆపుకోలేక బొటనవేలు ఎత్తారు.

నీళ్లలో బొటనవేలు ఎత్తితే ‘సూపరు’ అని కాదు. ‘నన్ను పైకి తీసుకుపో’ అని. బాగుంది అనాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. శిక్షకుడు నియమం తెలిసినవాడు, వెంటనే రెక్క పట్టుకుని పైకి తెచ్చాడు. ‘ఏమైంది సార్?’ ‘ఏమవడమేంటయ్యా, బ్రహ్మాండంగా ఉంటే!’ మళ్లీ కిందికి. మళ్లీ చెవులు ఊదుకోవడం. ఒక చిలకచేప కనబడింది. అల్లుడుగారు ఈసారి రెండు బొటనవేళ్లూ ఎత్తారు. అత్యవసరం అనుకున్న శిక్షకుడు రెండింతలు శ్రద్ధగా పైకి తెచ్చాడు. పడవలోంచి మావయ్యగారు ‘అల్లుడుగారు అడిగింది ఇవ్వండయ్యా’ అని కేకేశారు. ఇచ్చారు. మూడోసారీ ఇచ్చారు. ఇలా పైకీ కిందికీ రంపంలా తిరిగితే చెవులు వాయడం ఖాయం, నాలుగోసారికి తెరుచుకోలేదు. ఇరవై నిమిషాల ఉచిత వీడియోలో సముద్రం రెండు నిమిషాలు, మిగతాదంతా బొటనవేలు. దానికి లైకులొచ్చాయి.

పడవ మీద ఐదు నిమిషాల్లో హిందీలో గడగడా అప్పజెప్పిన పాఠంలో ఆ వేలి సంగతి ఉందో లేదో ఎవరికీ తెలియదు. తెలిసింది ఒకటే, ఓ కాగితం మీద సంతకం పెట్టారు. ఆస్తమా ఉందా, గుండెజబ్బు ఉందా, ఫిట్స్ వచ్చాయా, ఈమధ్య ఆపరేషన్ అయిందా అని అడిగే కాగితం అది. ఒక్కదానికి ‘అవును’ అన్నా డాక్టరు చూసి సరేననాలి. మావయ్యగారికి రెండు స్టెంట్లు. కాగితం ఇచ్చినవాడు గొంతు తగ్గించి అంటాడు: ‘అవి రాయకండి సార్, రాస్తే దింపరు.’

ఎవడ్రా నువ్వు? దింపకూడదనే కదా ఆ కాగితం! తొమ్మిదేళ్ల పిల్లకి పదేళ్లని రాయించేది నువ్వే. చెవి నొప్పెడుతోందని చెప్పడం రాక, ఏడిస్తే నాన్న తిడతాడని బిగబట్టుకునే పిల్ల అది. ఊపిరి బిగబడితే ఏమవుతుందో నీకు తెలుసు, ఆ నాన్నకి తెలియదు. తెలియనివ్వలేదు నువ్వు. ఇక మనం! 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగి యాభై మంది దాకా పోతే గోదావరి మింగిందన్నాం. నది ఏం చేసింది? వరద మీదున్న నదిలోకి పడవ వదిలింది మనుషులు. అంత చూసి కూడా లైఫ్ జాకెట్ ఇస్తే తల కింద దిండు పెట్టుకుంటాం, చొక్కా నలుగుతుందంటాం, ఫొటోలో లావుగా కనబడతామంటాం. ‘రాయకండి’ అన్నవాడికి దండం పెట్టి టిప్పిస్తాం.

సరే. ఫోన్ చేసినప్పుడు అడగాల్సినవి: ఒక్కొక్కరికి ఒక్కో శిక్షకుడు ఉంటాడా, నిలబడగలిగే లోతులో ఎంతసేపు నేర్పుతారు, పడవలో ఆక్సిజన్ కిట్ ఉందా (ఆక్సిజన్ నిజంగా కావలసింది అక్కడ), నీళ్లు బాగోకపోతే డబ్బు వెనక్కిస్తారా. తిరుగు విమానం కూడా చూసుకోవాలి. మన ప్యాకేజీల్లో స్కూబా ఎప్పుడూ ఆఖరి రోజు ఉదయమే, మధ్యాహ్నం విమానం. ఒక్క డైవ్ చేసినా 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు దాటాకే విమానం ఎక్కాలి. ఒంట్లో కరిగిన నైట్రోజన్ విమానంలో తగ్గే ఒత్తిడికి బుడగలు కడుతుంది, గోలీసోడా మూత తీసినట్టు. అందుకని స్కూబా మొదట్లో, బజారు ఆఖర్న.

మీసానికీ మందుంది. మొత్తం తీయక్కర్లేదు. ముక్కు కిందగా, మాస్కు అంచు ఆనే మేర, సన్నటి గీతలా గొరిగితే చాలు, నీళ్లు ఆగుతాయి. పెద్దల్లుడుగారికి ఆ మాట ఎవరు చెప్పాలన్నది అరుగు మీద తేల్చుకోండి.