ఎండలో పేస్ తగ్గితే శిక్షణ తగ్గినట్టు కాదు

ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి సాగే లాంగ్ డిస్టెన్స్ ట్రయథ్లాన్‌కు సిద్ధమయ్యేవాళ్ల చేతిలో ఒక ప్లాన్ ఉంటుంది. ఆదివారం ఐదు గంటల సైక్లింగ్, దిగిన వెంటనే నలభై నిమిషాల పరుగు. బుధవారం ఫలానా పేస్‌లో, అంటే కిలోమీటరుకు ఇన్ని నిమిషాలనే వేగంలో, పద్నాలుగు కిలోమీటర్లు. వారం వెంట వారం గళ్లు నిండి ఉంటాయి. ఆ గళ్లలో ఉష్ణోగ్రతకు మాత్రం చోటుండదు. చల్లని రోజుల్లో రాసుకున్న అంకెనే మండుటెండలోనూ అందుకోవాలని చూస్తాం, అందకపోతే ఫిట్‌నెస్ పోయిందని టెన్షన్ పడతాం. వేసవి శిక్షణ దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడేనని నా నమ్మకం. ఎండ కూడా శరీరం మోసే బరువే. దాన్ని శిక్షణ లెక్కలో కలపాలి, కలిపాక మిగతా బరువు తగ్గించాలి.

ఇది ఎందుకు తప్పదో చిన్న లెక్క చెబుతుంది. సైకిల్ తొక్కేటప్పుడు కండరాలు ఖర్చుచేసే శక్తిలో పెడల్‌కు చేరేది 20 నుంచి 25 శాతమే, మిగిలిందంతా వేడి. పెడల్‌కు చేరే శక్తిని కొలిచే పవర్ మీటర్ 200 వాట్లు చూపిస్తోందంటే ఒంట్లో దాదాపు 700 వాట్ల వేడి పుడుతోందన్నమాట. అది బయటికి పోయే దారే లేకపోతే 70 కిలోల మనిషి ఒంటి వేడి ఆరు నిమిషాలకో డిగ్రీ చొప్పున పెరుగుతుంది. మనల్ని కాపాడేది చెమట. అయితే కారిపోయే చెమట కాదు, ఆరిపోయే చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. పైన చెప్పిన వేడి మొత్తాన్ని చెమటే వదిలించాలంటే గంటకో లీటరు ఒంటి మీదే ఆరిపోవాలి. ఉక్కపోతలో అది ఆరదు, మోచేతుల నుంచి బొట్లుబొట్లుగా రాలిపోతుంది. నీరూ ఉప్పూ పోతాయి, చల్లదనం మాత్రం దక్కదు.

అందుకే ఫోన్‌లో ఉష్ణోగ్రత చూసి బయల్దేరడం మోసపోవడమే. 1950లలో అమెరికా సైన్యం శిక్షణలో వడదెబ్బలను తగ్గించడానికి వేడి, తేమ, ఎండ కలిపి లెక్కించే డబ్ల్యూబీజీటీ (వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్) అనే కొలత రూపొందింది. క్రీడా పోటీల్లో ఇప్పటికీ అదే వాడుతున్నారు. ఆరుబయట ఆ కొలతలో తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్‌కు 70 శాతం, ఎండ వేడిని పట్టే నల్లగోళానికి 20 శాతం వాటా ఉంటుంది. మనం రోజూ చూసే మామూలు ఉష్ణోగ్రత వాటా 10 శాతమే. పొడిగా ఉన్న 35 డిగ్రీల కంటే తేమతో నిండిన 30 డిగ్రీలు ఎందుకు పిండేస్తాయో దీన్నిబట్టే అర్థమవుతుంది.

వేడి పెరిగేకొద్దీ గుండె రెండు పడవల మీద కాలు పెట్టాల్సి వస్తుంది. కండరాలకు రక్తం కావాలి, వేడిని బయటికి పంపడానికి చర్మానికీ కావాలి. చెమటగా నీరు పోతున్నకొద్దీ రక్తం పరిమాణం తగ్గుతుంది. దాంతో పేస్ మారకపోయినా హార్ట్ రేట్ ఎక్కుతూ పోతుంది. పోయిన వేసవిలో ఒక లాంగ్ రన్‌లో తొలి అరగంట 138 ఉన్న నా హార్ట్ రేట్, గంటన్నర అయ్యేసరికి అదే పేస్‌లో 159కి చేరింది. ప్లాన్‌లో రాసుకున్న పేస్ వదలకూడదని మొండిగా పరిగెత్తాను. తేలికగా సాగాల్సిన ఆ పరుగు రేసంత కష్టమైంది. తర్వాత నాలుగు రోజులు ఏ సెషన్ కూడా సరిగా చేయలేకపోయాను. వాచీలో పేస్ బాగానే నమోదైంది, నష్టపోయింది మాత్రం వారం మొత్తం.

"రేసు ఎండలోనే కదా, ప్రాక్టీసూ ఎండలోనే చేయాలి" అనేవాళ్లు చాలామంది. వాళ్ల మాటలో సగం నిజం ఉంది. వేడికి అలవాటుపడటం శరీరంలో నిజంగా జరిగే మార్పు. తొలి వారంలోనే రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పెరుగుతుంది. ఆ తర్వాత చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. అదే పేస్‌కు హార్ట్ రేట్ దిగుతుంది. ఇదంతా చాలావరకు కుదురుకోవడానికి 10 నుంచి 14 రోజులు చాలు. అందుకు కావాల్సింది రోజూ గంట, గంటన్నర పాటు ఒంటి వేడి పెరిగేలా తేలికపాటి వ్యాయామం. ఎండలో ఇంటర్వెల్స్ (ఆగి ఆగి చేసే వేగపు పరుగులు) కొట్టనక్కర్లేదు, ఐదు గంటలు మాడిపోనక్కర్లేదు. బ్రిటన్‌లోని బ్యాంగర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరు రోజుల పాటు, మామూలు వాతావరణంలో పరుగు ముగిశాక 40 డిగ్రీల నీటిలో 40 నిమిషాల వరకు కూర్చోబెట్టి కూడా అలవాటు తేగలిగారు. అంటే శరీరానికి అందాల్సింది వేడి సంకేతం. దాన్నీ కఠినమైన పరుగునూ ఒకే గంటలో కుక్కాల్సిన అవసరం లేదు. ఈ అలవాటు నిలిచేది కూడా తక్కువే, మానేసిన కొన్ని వారాల్లో పోతుంది. కాబట్టి రేసు నాలుగు నెలల దూరంలో ఉండగా మధ్యాహ్నపు ఎండలో తెచ్చుకున్న అలవాటు రేసు రోజుకు మిగలదు.

నేనైతే వేగం కావాల్సిన సెషన్‌ను తెల్లవారకముందే పెట్టుకోమంటాను, లేదా ఇంట్లో ఫ్యాన్ కింద, సైకిల్‌ను బిగించి ఉన్నచోటే తొక్కే ట్రైనర్ మీద చేయమంటాను. ఎండలో చేసేదాన్ని హార్ట్ రేట్‌కో, శ్వాసకో కట్టుబడి నెమ్మదిగా చేయాలి. కిలోమీటరుకు నలభై సెకన్లు ఎక్కువ పట్టినా పట్టనివ్వాలి. వేడి రాత్రి నిద్ర సరిగా పట్టకపోతే మర్నాటి గడి నుంచీ కొంత కోసేయాలి.

మూడు విభాగాల్లో ఎండ దెబ్బ ఒకేలా తగలదు, ఇది చాలామంది పట్టించుకోని సంగతి. ఈతలో చల్లగా ఉంటుందనుకుంటాం. కానీ నీటిలో చెమట ఆవిరయ్యే వీలే లేదు, నీరు వెచ్చగా ఉంటే వేడి బయటికి పోవడం కష్టం. 2010 అక్టోబరులో ఫుజైరాలో 10 కిలోమీటర్ల పోటీలో అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ చనిపోయాడు. ఆ రోజు నీటి వేడి మీద తీవ్ర విమర్శలు వచ్చాయి, ఆ తర్వాతే ఓపెన్ వాటర్ పోటీలకు 31 డిగ్రీల గరిష్ఠ పరిమితి వచ్చింది. సైకిల్ మీద పరిస్థితి వేరు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి చెమటను ఆరబెట్టేస్తుంది, ఎంత నీరు పోయిందో తెలియనే తెలియదు. దిగి పరుగందుకోగానే ఆ గాలి ఆగిపోతుంది. లాంగ్ డిస్టెన్స్ ట్రయథ్లాన్లలో పేరున్న ఐరన్‌మ్యాన్ దూరంలో 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్ అయ్యాక 42.2 కిలోమీటర్ల పరుగు మొదలయ్యేసరికి చాలామందికి మధ్యాహ్నం దాటుతుంది. పరుగులో పడిపోయామనుకుంటాం గానీ ఆ బాకీ సైకిల్ మీద చేసిందే.

తాగడం విషయంలో రెండు వైపులా ప్రమాదం ఉంది. చెమట గంటకు లీటరున్నర పోయే మనిషి అంత నీటినీ పొట్టలోకి తిరిగి పంపలేడు, పేగులు తట్టుకోవు. అలాగని భయంతో దాహానికి మించి తాగినా ముప్పే. 2002 బోస్టన్ మారథాన్‌లో ముగింపు రేఖ దగ్గర 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం అనే లవణం ఉండాల్సినదాని కంటే పలచబడి ఉంది. పరుగులో బరువు పెరగడానికీ ఆ స్థితికీ బలమైన సంబంధం కనిపించింది. సెషన్‌కు ముందూ తర్వాతా బరువు చూసుకుంటే, మధ్యలో తాగింది కలుపుకుంటే, ఎవరి చెమట లెక్క వాళ్లకే తేలుతుంది. పక్కవాడి బాటిల్ లెక్క మనకు పనికిరాదు.

ఇన్ని తెలిసినా మొండితనం ఎందుకు గెలుస్తుంది? ఈ ఆట తన గురించి చెప్పుకునే కథలు అలాంటివి. 1982లో మహిళల పోటీలో ముందంజలో ఉన్న జూలీ మాస్ ముగింపుకు కొద్ది దూరంలో కుప్పకూలి, పాకుతూ రేఖ దాటిన దృశ్యమే ఐరన్‌మ్యాన్‌ను టీవీలో ప్రపంచానికి పరిచయం చేసింది. 2016లో మెక్సికోలోని కొజుమెల్‌లో ట్రయథ్లాన్ పోటీలో వేడికి తూలిపోతున్న బ్రిటన్ ఆటగాడు జానీ బ్రౌన్లీని అన్న అలిస్టర్ భుజం పట్టి ముగింపు దాకా తీసుకెళ్లాడు. ఆ ప్రేమ చూసి నా కళ్లూ చెమర్చాయి. కానీ పట్టుకోవడానికి అన్న పక్కన లేనివాళ్లు, వైద్య బృందాలు లేని రోడ్ల మీద, ఒంటరిగా అదే పట్టుదలను సాధన చేస్తున్నారు. అది నన్ను భయపెడుతుంది.

శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, మాట తడబడుతుంది, మనిషి అయోమయంలో పడతాడు. చెమట పడుతూనే ఉండొచ్చు, కాబట్టి చెమట చూసి ధైర్యపడకూడదు. ఆ స్థితిలో మనిషి తన గురించి తాను నిర్ణయించుకోలేడు. అందుకే లాంగ్ రైడ్‌కు వెళ్లేముందు తోడు వచ్చేవాళ్లతో రెండు మాటలు అనుకోవాలి. నేను పొంతన లేకుండా మాట్లాడితే, ఎంత బతిమాలినా నన్ను ఆపండి. అంబులెన్స్‌కు ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఎదురుచూడకుండా నీడలో పడుకోబెట్టి, దొరికినంత చల్లటి నీళ్లలో ముంచండి. అంత నీరు దొరక్కపోతే ఒళ్లంతా తడిపి గాలి విసరండి. ముందు చల్లబరచండి, ఆ తర్వాతే తరలించండి.