బల్బు ఎవరి అకౌంట్‌లో ఉంది?

నల్గొండలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు ఫోన్ యాప్‌తో నడిచే స్మార్ట్ లైట్లు పెట్టించుకుంటున్నారు. పెట్టుకోండి, నేను వద్దనను. కానీ బిగించిన రోజే ఒక్క మాట అడగండి: ఈ లైట్లు ఎవరి అకౌంట్‌లో ఉన్నాయి?

మా కాలనీలో నేను చూస్తున్నది చెప్తాను. ఎలక్ట్రీషియన్ తమ్ముడు వస్తాడు. యాప్ అతని ఫోన్‌లోనే ఉంటుంది. తన నంబర్‌తోనే లాగిన్ అయి, మన వైఫై పాస్‌వర్డ్ అడిగి కొట్టి, తర్వాత మన ఫోన్‌కు షేర్ చేసి వెళ్లిపోతాడు. అతను మంచివాడే, పని తొందరగా కావాలని అలా చేస్తాడు. కానీ యాప్ లెక్కలో ఇంటి లైట్లకు ఓనర్ అతనే. దసరాకు మనం ఊరెళ్తే, నాలుగు రాత్రులుగా ఏ గదిలోనూ లైటు వెలగలేదని ఆ ఫోన్ పట్టుకున్న ఎవరికైనా తెలుస్తుంది. అతను రేపు ఆ ఫోన్ అమ్మేస్తే? అందుకే కూలి డబ్బులు ఇచ్చే ముందే మన నంబర్‌తో అకౌంట్ తీయించి, అతని ఫోన్‌లోంచి తీసేయించండి. రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (మన ఫోన్లు, కంప్యూటర్లతో కలవకుండా విడిగా ఉండే వైఫై) ఉంటే లైట్లను దానికే కలపండి.

బల్బులో ఏముంటుందిలే అంటారు. 2019లో ఒక పరిశోధకుడు లిఫ్ఎక్స్ అనే కంపెనీ స్మార్ట్ బల్బును కోసి చూస్తే, లోపలి చిప్‌లో వైఫై పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే దొరికింది. చెత్తబుట్టలో వేసిన బల్బు చాలన్నమాట, మన నెట్‌లోకి రావడానికి. 2020లో చెక్ పాయింట్ అనే సైబర్ భద్రతా సంస్థ వాళ్లు ఫిలిప్స్ వారి హ్యూ స్మార్ట్ బల్బు ద్వారా ఇంటి నెట్‌వర్క్‌లోకి చొరబడవచ్చని చూపించారు. ఆ బల్బుల కంపెనీలు అప్‌డేట్ ఇచ్చి సరిచేశాయి. మరి చవగ్గా వస్తుందని తెచ్చుకున్న, పేరూ ఊరూ లేని బల్బుకు అప్‌డేట్ ఎవరిస్తారు?

ఇళ్ల సంగతి మన చేతుల్లోనే ఉంది. నాకు టెన్షన్ అంతా వీధి దీపాల గురించే. ఎల్ఈడీ లైట్లతో పాటు వచ్చిన సీసీఎంఎస్ బాక్సుల్లో (వీధి దీపాలను దూరం నుంచి నడిపే కంట్రోల్ బాక్సులు) సిమ్ ఉంటుంది, ఎక్కడో కూర్చుని వీధి మొత్తం ఆన్ చేయవచ్చు, బంద్ చేయవచ్చు. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బులు అడిగే వైరస్) దెబ్బకు ఆగిపోయాయి. వీధి దీపాల జోలికి ఎవరూ రారని ఏ ధైర్యంతో అనుకోవాలి? చీకటి పడ్డాక ట్యూషన్ నుంచి నడిచొచ్చే ఆడపిల్లలకు ఆ వెలుతురే ధైర్యం.

వార్డు మీటింగ్‌లో లైట్లు ఎన్ని వచ్చాయనే అడుగుతున్నాం. ఇకమీదట ఇవీ అడుగుదాం: ఆ బాక్సుల పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది, కాంట్రాక్టర్ మారినప్పుడు దాన్ని మారుస్తున్నారా, సర్వర్ పడిపోతే స్తంభం దగ్గర చేత్తో ఆన్ చేసే స్విచ్ పని చేస్తుందా? జవాబు నోటిమాటగా వద్దు, టెండర్ కాగితంలోనే రాసి ఉండాలి.