పట్టికలో జారిపోయిన సంఖ్య

చెన్నై షావుకారుపేటలో మా పిన్ని ఎప్పుడూ కొనే గాజుల కొట్టులో డజను లెక్కే తప్ప విడిగా ఇవ్వరు. పది చాలు కదా అన్నాను ఓసారి. కొట్టాయన మన తెలుగాయనే, నవ్వేశాడు. "పన్నెండైతే ఇద్దరికైనా ముగ్గురికైనా నలుగురికైనా లెక్క తెగుతుందండీ. పది ముగ్గురికి ఎలా పంచుతారు?"

రామానుజన్ 1915లో లండన్ మేథమెటికల్ సొసైటీ పత్రికలో అచ్చు వేయించిన పెద్ద వ్యాసం ఈ గాజుల లెక్క మీదే. తనకంటే చిన్నదైన ఏ సంఖ్యకూ లేనన్ని భాజకాలు, అంటే శేషం మిగల్చకుండా భాగించే సంఖ్యలు, ఉన్నవాటిని ఆయన వెతికాడు. 12కు ఆరు భాజకాలు, 60కి పన్నెండు. అలా 102 సంఖ్యలు పట్టికకెక్కించాడు. చివరిది 67,46,32,83,88,800. కాలిక్యులేటర్ లేని రోజుల్లో! ఈ పనికే 1916లో కేంబ్రిడ్జి బీఏ పట్టా ఇచ్చింది.

అయితే అందులో ఒక సంఖ్య జారిపోయింది: 2,93,31,86,25,600.

2ను ఆరుసార్లు, 3ను నాలుగుసార్లు, 5నూ 7నూ రెండేసి సార్లు, 11, 13, 17, 19లను ఒక్కోసారి తీసుకుని అన్నిటినీ గుణిస్తే ఇది వస్తుంది. దీని భాజకం కట్టాలంటే 2ను అసలు తీసుకోకపోవచ్చు, ఆరుసార్ల దాకా తీసుకోవచ్చు. అంటే ఏడు దారులు. 3కు ఐదు, 5కూ 7కూ మూడేసి, మిగతా నాలుగింటికీ రెండేసి. గుణిస్తే 5040. తమాషా ఏమిటంటే ఆ 5040 కూడా పట్టికలో ఉన్నదే, దాని భాజకాలు 60. 60కి 12. తిరిగి తిరిగి గాజుల డజను దగ్గరికే వచ్చాం.

ఏటా రామానుజన్ పుట్టినరోజు డిసెంబరు 22న మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలకు నామం పెట్టి, తలపాగా చుట్టి, 1729 అనే ట్యాక్సీ నంబరులోని ప్రత్యేకతను ఆయన ఇట్టే చెప్పేసిన కథ అప్పజెప్పిస్తారు. నాకు ఆ కథతో పేచీ లేదు. ఇలవేల్పు నామగిరి అమ్మవారు కలలో చెప్పిందని ఆయనే అనేవాడు, దాన్నీ కాదనను. కానీ పిల్లల చెవిన పడేది అదొక్కటే అయితే లెక్క అంటే వరమనుకుంటారు, మనకు రాలేదులే అని పుస్తకం మూసేస్తారు. ఈ జారిపోయిన సంఖ్యను చూపిస్తే వేరే మనిషి కనిపిస్తాడు. షావుకారుపేట నుంచి నడిచిపోయేంత దూరంలో, అప్పటి మద్రాసు పోర్ట్ ట్రస్టులో నెలకు ముప్పై రూపాయలకు పద్దులు రాసిన గుమాస్తా, వరస తర్వాత వరస చేత్తో కూర్చుకుంటూ పోయినవాడు. చేత్తో చేసే పనిలోనే కదా వరస తప్పుతుంది.

ఆ పొరపాటు కూడా ఎంత దగ్గరదో చూడండి. పట్టిక చిట్టచివరి సంఖ్యను 23తో భాగిస్తే వచ్చేది సరిగ్గా ఆ జారిపోయిన సంఖ్యే.