‘రాయడం వచ్చినవాడికి ఎడిటర్ ఎందుకు?’ అనేవారికి జవాబు

రాసేవాళ్ళ మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: “రాయడం చేతనైనవాడికి ఎడిటర్ అక్కర్లేదు. ఎడిటింగ్ అంటే అక్షరదోషాలు దిద్దడమే. ఆ పని సాఫ్ట్‌వేర్ ఉచితంగా చేసిపెడుతుంది. ఎడిటర్ చెయ్యి పడితే రచయిత గొంతు పోతుంది. చదివిపెట్టే స్నేహితులుంటే చాలు, మిగతాది ప్రచురణకర్త చూసుకుంటాడు. దీనికి డబ్బు పెట్టడం శుద్ధ దండగ.”

మొదటి పుస్తకం రాసినవాళ్ళు ఇది నమ్మి రాతప్రతిని నేరుగా అచ్చుకు పంపేస్తున్నారు. ఏళ్ళ తరబడి కూర్చుని రాసిన పుస్తకాన్ని పాఠకుడు ఇరవయ్యో పేజీలో మూసేస్తుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

అక్షరదోషాల సంగతితో మొదలుపెడదాం. వాటిని దిద్దడం ప్రూఫ్ రీడింగ్, అది అన్నిటికంటే చివర జరిగే పని. దానికి ముందు పెద్ద పనులున్నాయి. కథ ఎక్కడ మొదలవ్వాలి, ఏ అధ్యాయం అనవసరం, ఎవరి వైపు నుంచి చెప్పాలి అని చూడటం నిర్మాణానికి సంబంధించిన ఎడిటింగ్. అమెరికన్ రచయిత్రి హార్పర్ లీ 1957లో లిపిన్‌కాట్ ప్రచురణ సంస్థకు ఇచ్చిన రాతప్రతిలో నాయిక ఎదిగిన యువతి, సొంత ఊరికి తిరిగొస్తుంది. అక్కడి ఎడిటర్ టే హోహోఫ్ ఆ రాతప్రతిని లీతో రెండేళ్ళకు పైగా తిరగరాయించారు. నాయిక బాల్యమే కథ అయి 1960లో ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’గా వచ్చింది. పాత రాతప్రతి కూడా 2015లో ‘గో సెట్ ఎ వాచ్‌మన్’ పేరుతో అచ్చయింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఆ రెండేళ్ళలో ఏం జరిగిందో ఎవరికి వాళ్ళకే తెలుస్తుంది. అక్షరదోషాలు దిద్దితే వచ్చే తేడా కాదది.

నిర్మాణం కుదిరాక వాక్యాల వంతు. ఈ వాక్యం చూడండి: “రాఘవ తమ్ముణ్ణి కలిసేసరికి అతను కోపంగా ఉన్నాడు.” కోపం ఎవరిది? రాసినవాళ్ళకు తెలుసు కనుక ఆ అనుమానమే రాదు. చదివేవాళ్ళు మాత్రం ఓ క్షణం తడబడి వెనక్కి వెళ్తారు. పేజీకి నాలుగుసార్లు అలా వెనక్కి వెళ్ళాల్సొస్తే పుస్తకం పక్కన పెట్టేస్తారు. మంచి ఎడిటర్ ఆ వాక్యాన్ని తనంతట తాను మార్చేయరు. పక్కన “కోపం ఎవరికి?” అని రాసి వదిలేస్తారు. “రాఘవ వెళ్ళేసరికి తమ్ముడు మండిపడుతున్నాడు” అని మార్చుకునేది రచయితే.

ఇలా వాక్యాల స్థాయిలో చూసేవారిని కాపీ ఎడిటర్ అంటారు. వాళ్ళు ఇంకో పని కూడా చేస్తారు. పాత్రల పేర్లు, వయసులు, చుట్టరికాలు, తేదీలు, ఏ మాట ఎలా రాస్తున్నామన్నదీ ఒక పట్టికలో రాసుకుంటూ పోతారు. మూడో అధ్యాయంలో ఎడమచేతివాటం ఉన్న మనిషి పదిహేడో అధ్యాయంలో కుడిచేత్తో సంతకం పెడితే దొరికేది ఆ పట్టికవల్లే.

ఇక సాఫ్ట్‌వేర్. “ఆమె ముఖం కల తప్పింది” అని రాస్తే మామూలు స్పెల్ చెకర్ కిక్కురుమనదు. ‘కల’ కూడా నిఘంటువులో ఉన్న మాటే మరి. అక్కడ ఉండాల్సింది ‘కళ’ అని పట్టుకోవాలంటే వాక్యం అర్థం కావాలి. కొత్తగా వచ్చిన ఏఐ పరికరాలు ఇలాంటివి చాలావరకు పట్టుకుంటాయి, నేను కాదనను. కానీ “బాగుచెయ్యి” అని వాటికి అప్పగిస్తే, ముసలమ్మ యాసలో మీరు కావాలని ఉంచిన వంకరను కూడా చదును చేసి పాఠ్యపుస్తకం భాషలోకి తెచ్చే ప్రమాదం ఉంది. తొలిసారి సరిచూసుకునేటప్పుడు వాటిని వాడుకోండి, తప్పేం లేదు. అంతటితో ఎడిటింగ్ అయిపోయిందనుకోవద్దు.

“గొంతు పోతుంది” అన్న భయాన్ని మాత్రం తేలిగ్గా కొట్టిపారేయను. అలా జరిగిన సందర్భాలున్నాయి. అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ సంపుటి ఒకదాన్ని ఎడిటర్ గోర్డన్ లిష్ సగానికి పైగా కోసేశారు. ఆ పుస్తకం ఆపమని బతిమాలుతూ కార్వర్ 1980 జులైలో ఉత్తరం రాశారు. అయినా 1981లో పుస్తకం కోతలతోనే వచ్చింది. కార్వర్ పోయాక, 2009లో, అసలు ప్రతులు ‘బిగినర్స్’ పేరుతో వెలుగు చూశాయి. కోసిన కథలే గొప్పవనేవారూ ఉన్నారు, అసలువే గొప్పవనేవారూ ఉన్నారు. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. రచయిత వద్దంటున్నా కోయడం తప్పు, ఫలితం ఎంత బాగున్నా సరే. అయితే కార్వర్ ఎడిటింగే వద్దనుకోలేదు. తర్వాతి సంపుటిలో తన కథల్ని ఆ స్థాయిలో మార్చడానికి వీల్లేదని పట్టుబట్టారు, నెగ్గించుకున్నారు.

ఈ రోజుల్లో ఆ పట్టు సాధించడం మరింత సులువు. ప్రతి మార్పూ తెర మీద రంగులో కనిపించేలా పని చేయమని అడగండి. ఒప్పుకోవడం, తోసిపుచ్చడం మీ చేతిలో ఉంటుంది. మొత్తం రాతప్రతి ఇచ్చేముందు నాలుగైదు పేజీలు నమూనాగా ఎడిట్ చేయించి చూడండి. ఆ పేజీలు పైకి చదివితే మీ మాటలాగే వినిపించాలి. వేరెవరో మాట్లాడుతున్నట్టుంటే మరొకర్ని వెతుక్కోండి. చివరి నిర్ణయం రచయితదేనని ఒప్పందంలో రాయించుకోండి.

స్నేహితుల విషయానికొస్తే, ఇంగ్లిష్ కవి టి.ఎస్. ఎలియట్ దీర్ఘకవిత ‘ది వేస్ట్ ల్యాండ్’ను 1922లో అచ్చుకు ముందు దాదాపు సగానికి తగ్గించింది స్నేహితుడే, కవి ఎజ్రా పౌండ్. 1971లో ఆ రాతప్రతి నకళ్ళు పుస్తకంగా వచ్చాయి. నిర్దాక్షిణ్యంగా కొట్టేసిన గీతలు అందులో ఇప్పటికీ చూడొచ్చు. అలాంటి స్నేహితుడుంటే మీకు ఎడిటర్ ఉన్నట్టే. మనలో చాలామంది స్నేహితులు మాత్రం మన మనసు నొప్పించలేక “చాలా బాగుంది” అంటారు. పైగా మీరు రాయకుండా వదిలేసిందాన్ని మీతో ఉన్న పరిచయంతో వాళ్ళే పూరించుకుంటారు. అపరిచిత పాఠకుడికి ఆ అవకాశం లేదు. స్నేహితుల్ని “ఎలా ఉంది?” అని అడిగేకంటే “ఎక్కడ విసుగొచ్చింది?” అని అడగండి, పనికొచ్చే జవాబు దొరుకుతుంది.

ప్రచురణకర్త చూసుకుంటాడన్నది సొంతంగా అచ్చు వేసుకునేవారికి అసలు వర్తించదు. ప్రచురణ సంస్థ ఉన్నా, ఏయే ఎడిటింగ్ చేస్తారో ముందే అడిగి రాయించుకోవాలి.

చివరిది డబ్బు. ఇది చిన్న ఖర్చు కాదు, అందరూ భరించలేరు కూడా. మొత్తం ఎడిటింగ్ చేయించలేకపోతే, రాతప్రతి చదివి లోటుపాట్ల మీద నివేదిక మాత్రం ఇమ్మనండి. దానికి తక్కువ తీసుకుంటారు, తిరగరాసే పని మీరే చేసుకోవచ్చు. లేదా మొదటి మూడు అధ్యాయాలు ఎడిట్ చేయించి, వాటిలో దొరికిన అలవాట్లను మిగతా పుస్తకంలో మీరే సరిచేసుకోండి. పుస్తకం కచ్చితంగా అమ్ముడుపోతుందని హామీ ఇచ్చేవాళ్ళకు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి, ఏ ఎడిటరూ ఆ హామీ ఇవ్వలేరు. ప్రూఫ్ రీడింగ్‌కు పక్కన పెట్టిన డబ్బు అచ్చుకు పేజీలు అమర్చడం పూర్తయ్యేదాకా తీయకండి. మనం కంప్యూటర్‌లో టైపు చేసే యూనికోడ్ అక్షరాల నుంచి అచ్చు ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోవడం, పంక్తులు జారిపోవడం మామూలే. ముందే దిద్దించేస్తే ఆ తప్పులన్నీ అలాగే అచ్చయిపోతాయి.