విడిది ఖాళీ చెయ్యని రా ఫైలు గారికి

కెమెరా సెన్సర్ పట్టిన వెలుగును వండకుండా పచ్చిగానే దాచుకున్న మహారాజశ్రీ రా ఫైలు గారికి పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. నా హార్డ్ డిస్క్ సంగతే చెప్పలేను.

పెళ్ళివారు మండపం ఖాళీ చేశారు, సత్యనారాయణ వ్రతం కూడా అయిపోయింది. తమరు మాత్రం మగపెళ్ళివారిలా నా కంప్యూటర్లో విడిది దిగి, ఇంకా కదలరు. ఒక్కొక్కరు పాతిక ముప్ఫై ఎంబీ. పెళ్ళికి రెండు వేల ఫ్రేములు పడితే యాభై, అరవై జీబీ. బ్యాకప్ లెక్క వేరే.

పోనీ రూపం చూద్దామా! జీలకర్ర బెల్లం ఫొటో కెమెరా వెనక తెర మీద చూస్తే పెళ్ళికూతురి మొహం కళకళలాడుతుంది. కంప్యూటర్లో తెరిచిన మొదటి క్షణం కూడా అదే కళ. రెప్ప వేసేలోగా రంగు దిగి పాలిపోతుంది. మొదట కనిపించినది తమరు కాదట, కెమెరా తయారుచేసి తమరి కడుపులో దాచిన జేపెగ్ అట! తమరిలో ఉన్నదల్లా పిక్సెల్‌కు ఒక్క రంగు, అందులోనూ సగం ఆకుపచ్చే. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంట్ వచ్చిన అమరిక అది. మిగతా రెండు రంగులూ పక్క పిక్సెళ్ళను చూసి సాఫ్ట్‌వేరే ఊహించి నింపాలి. అంటే ఇంకా ఫొటో కూడా కాని తమరికి నేనిన్ని మర్యాదలు చేస్తున్నాను.

చెయ్యక తప్పదు లెండి. డెకరేషన్ వాళ్ళ ఊదా ఎల్‌ఈడీలు పసుపు బట్టల మీద పడినప్పుడు ఎంతో కొంత దిద్దుకోనిచ్చేది తమరే. తమరివి 14 బిట్లు, అంటే వెలుగు చీకట్ల మధ్య 16,384 మెట్లు. జేపెగ్‌కి రంగుకు 256. ఇంతా చేసి ఆల్బమ్ ఇస్తే, పెళ్ళికూతురి బాబాయి ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసి, ట్యూబ్‌లైటు మెరుపుతో సహా స్టేటస్ పెడతాడు.

ఇక తమరిని ఏ సాఫ్ట్‌వేర్లో తెరవాలన్నది ఇంకో భాగవతం. యాపిల్ 2005లో అపర్చర్ తెచ్చింది. నమ్మి లైబ్రరీలు కట్టుకున్నవాళ్ళకు 2014లో ఇక దాన్ని ముందుకు తీసుకెళ్ళం అని చెప్పేసింది. లైట్‌రూమ్‌ను ఒక్కసారి కొని ఊరుకునే రోజులు 2015 నాటి ఆరో వెర్షన్‌తో సరి, ఇప్పుడంతా అద్దె. క్యాప్చర్ వన్‌లో ఒంటిరంగు బాగా వస్తుందని మావాళ్ళలో పేరు. డార్క్‌టేబుల్ డబ్బు అడగదు. వెలుగునీడలు సర్దడానికి ఫిల్మిక్ పద్ధతి కావాలా సిగ్మాయిడ్ పద్ధతి కావాలా అని అడుగుతుంది, అక్కడితో ఆ రాత్రి గడిచిపోతుంది. కెనాన్ డీపీపీ, నికాన్ ఎన్ఎక్స్ స్టూడియో ఊరికే వస్తాయి. ఊరికే వస్తాయి కాబట్టే ఎవరూ తెరవరు. ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి మారితే ఫొటోలకిచ్చిన రేటింగు నక్షత్రాలు వెంట వస్తాయి గానీ, దిద్దుబాట్లు చాలావరకు రావు.

టీ కొట్టు దగ్గర మేం దీని మీద గంటలు గంటలు వాదించుకుంటాం. ఆ కాసేపూ ఎడిటింగ్ చెయ్యక్కర్లేదు, అదే అందులో సుఖం. ఈలోగా పెళ్ళికూతురి తమ్ముడి ఫోను.

"అన్నా, ఆల్బమ్ ఎంతవరకు వచ్చింది?"

"కలర్ కరెక్షన్‌లో ఉంది తమ్ముడూ."

నిజానికి ఉన్నది తలంబ్రాల దగ్గర. ఒకే క్షణానికి ఇరవై ఫ్రేములు. ఒకదాంట్లో పెళ్ళికొడుకు కళ్ళు మూశాడు, ఒకదాంట్లో వీడియో లైటు అడ్డం, ఇంకోదాంట్లో ఫోను పట్టుకున్న చెయ్యి, దాని గాజులు. ఒకటి ఉంచి మిగతావి పంపించెయ్యడానికి ఏ కంపెనీ సాఫ్ట్‌వేరైనా ఒకటే. నొక్కాల్సిన వేలు నాది.

కనుక ఇకమీదట మర్యాదలు ఇలా ఉంటాయి. కార్డు ఫార్మాట్ అయ్యేలోగా తమరు రెండు డిస్కుల్లో ఉంటారు. ఏరివేత తమరి కడుపులోని జేపెగ్ చూసే జరుగుతుంది, ఫొటో మెకానిక్ లాంటి ఏరివేత సాఫ్ట్‌వేర్లకు అందుకే అంత వేగం. మిగిలినవాళ్ళను లైటింగును బట్టి పంక్తులు వేస్తాను: హోమం దగ్గరివి ఒక పంక్తి, రిసెప్షన్‌వి ఇంకోటి. పంక్తిలో ఒకరికి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగు) సరిచేస్తే అందరికీ అదే వడ్డన. రీటచింగ్ ఆల్బమ్‌కెక్కేవాళ్ళకే. ఆల్బమ్ చేరి బ్యాలెన్స్ డబ్బు ముట్టిన మర్నాడు, ఏరివేతలో పోయినవాళ్ళకు అప్పగింతలు.

ఇట్లు,
తమరి విధేయుడు

తా.క.: ఫోల్డరు మారేటప్పుడు తమరి ఎక్స్ఎంపీ తోకల్ని, అదే తమరి పక్కనే ఉండే చిన్న ఫైళ్ళని, వెంట తీసుకెళ్ళండి. దిద్దుబాట్లన్నీ వాటిలోనే ఉన్నాయి.