శీఘ్ర సముద్ర దర్శనం

తొందర అన్నదే లేని చోటికి వీలైనంత తొందరగా చేరుకోవాలి. ఈనాటి కరీబియన్ విహారయాత్రకు ఇదే మూలసూత్రం. దీన్ని వేళాకోళం చేసేవాళ్ళు లేకపోలేదు. వాళ్ళకు ఆర్థికశాస్త్రం తెలియదు, బహుశా చేతిలో సరైన క్రెడిట్ కార్డు కూడా లేదు. కాబట్టి విమానం కోసం తింటూ, సేదతీరుతూ ఎదురుచూసే ఎయిర్‌పోర్ట్ లౌంజ్‌ల తరఫున, డబ్బు కడితే వరస దాటించే ఫాస్ట్ ట్రాక్ సేవల తరఫున నాలుగు మాటలు చెప్పే బాధ్యత నేను నెత్తికెత్తుకుంటున్నాను.

జమైకాలోని మాంటెగో బే విమానాశ్రయాన్నే తీసుకుందాం. దానికి ఆ దేశ మాజీ ప్రధాని డొనాల్డ్ సాంగ్‌స్టర్ పేరు పెట్టారు. సెలవుల సీజన్‌లో అమెరికా, కెనడా విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగుతుంటే ఇమిగ్రేషన్ హాలు నిండిపోతుంది. అక్కడ క్లబ్ మోబే అని ఒక సేవ ఉంది. ముందే డబ్బు కడితే, మీ పేరు రాసిన పలక పట్టుకుని ఒక మనిషి మీకోసం ఎదురుచూస్తారు. వేరే వరసలోంచి మిమ్మల్ని ఇమిగ్రేషన్, కస్టమ్స్ దాటించేస్తారు. తిరుమలలో కంపార్ట్‌మెంట్లలో కూర్చున్న సర్వదర్శనం జనాన్ని ఓరకంట చూస్తూ ముందుకు సాగే మూడొందల టికెట్టు వాళ్ళ ముఖంలో ఒక ప్రత్యేకమైన భక్తి ఉంటుందే, అచ్చం అదే భక్తి ఇక్కడా కనిపిస్తుంది. దేవుడొక్కడే తేడా.

సరే, ఇలా మిగిలిన గంట ఏమవుతుందన్నది అసలు ప్రశ్న. దాని వెంటే వెళ్ళి చూద్దాం. మొదట అది సామాన్లు వచ్చే బెల్టు దగ్గర ఆగుతుంది. మనిషికి ఫాస్ట్ ట్రాక్ కొనిపెట్టాం గానీ సూట్‌కేసుకు కొనలేదు కదా. విమానం పొట్టలోంచి అది తన తీరికలో తాను వస్తుంది. పెట్టె దొరికాక బయట రిసార్ట్ వాళ్ళ బస్సు. ప్యాకేజీలో కలిపి ఇచ్చిన బస్సు కాబట్టి డ్రైవర్ చేతిలో ఒక జాబితా ఉంటుంది. అందులో పేరున్న వాళ్ళందరూ ఎక్కితే గానీ బండి కదలదు. ఆ పేర్లు ఎవరివి? లోపల మామూలు వరసలో చెమటలు కక్కుతున్నవాళ్ళవి. డబ్బు కట్టి ఎవరిని దాటొచ్చామో వాళ్ళ కోసమే బస్సులో కూర్చుని ఎదురుచూడాలి. చివరికి వాళ్ళొచ్చి, "అరె, మీరు అప్పుడే వచ్చేశారా!" అని నిజమైన ఆశ్చర్యంతో పలకరిస్తారు. కట్టిన సొమ్ముకు ఇది ఒక ప్రతిఫలం. కిటికీ సీటు రెండోది.

బీచ్‌లకు పేరున్న నెగ్రిల్ దాకా వెళ్ళాలంటే ఆపైన గంటన్నర రోడ్డు ప్రయాణం. రిసార్ట్‌కు చేరాక చేతికి బ్యాండ్ కట్టి, చల్లని డ్రింకు ఇచ్చి, గది మూడింటికి గానీ సిద్ధం కాదని నవ్వుతూ చెబుతారు. విమానాశ్రయంలో ఆదా చేసిన గంట భద్రంగా లాబీ సోఫాలో దొరుకుతుంది.

దీన్ని వైఫల్యం అనుకుంటే విషయం బోధపడనట్టే. ఫాస్ట్ ట్రాక్ అమ్మేది సమయం కాదు, పక్క వరస. పక్క వరస ఎంత పొడుగైతే మన సేవ అంత నాణ్యమైనది. అంచేత మామూలు వరసలో నిలబడేవాళ్ళకు మనం ఎంతో రుణపడి ఉన్నాం. వాళ్ళే లేకపోతే మనం ఖాళీ హాల్లో పలక మనిషి వెనక నడుస్తున్న ఒక దిక్కుతోచని కుటుంబం. జమైకా ప్రభుత్వం ఇమిగ్రేషన్ ఫారాన్ని ఆన్‌లైన్‌లో ముందే నింపుకునే వీలు కల్పించింది. ఇలాంటి దుందుడుకు సంస్కరణలతో వరసలు తగ్గించుకుంటూ పోతే రేపు ఈ పరిశ్రమ గతేమిటి?

ఇక ఆల్ ఇన్‌క్లూజివ్ సంగతి. గది, తిండి, తాగుడు, ఆటపాటలు అన్నీ ఒకే ధరలో. 1981లో మాంటెగో బేలోనే మొదలైన శాండల్స్ లాంటి రిసార్ట్ సంస్థలు ఈ పద్ధతికి ప్రపంచమంతా పేరు తెచ్చాయి. నిజానికి అన్నీ కలిపిన ప్యాకేజీలు ఆ దీవులకు అంతకుముందే తెలుసు. 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా పనిచేయడానికి మద్రాసు రేవు నుంచి ఓడలెక్కిన వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ప్రయాణం, బస ఒప్పందంలోనే కలిసి ఉండేవి. చెక్ అవుట్ మాత్రం ఏళ్ళ తర్వాత. ట్రినిడాడ్‌కు చేరినవాళ్ళ కోసం 1866 నుంచి నెల్సన్ ద్వీపంలో ప్రత్యేకమైన ఏర్పాటు కూడా ఉండేది. అక్కడ దించి, ఆరోగ్యం పరీక్షించి, ఏ తోటకు ఎవరో తేల్చి పంపేవారు. పేరు రాసిన పలక పట్టుకుని ఎదురుచూసే అవసరం రాలేదు. మనుషులకు నంబర్లు ఉండేవి.

తిరుగు ప్రయాణం రోజుకు వద్దాం. ఎదురుగా నీలం రంగు సముద్రం, చేయి చాపితే చాలు కావలసినంత తిండి, పైసా అడగకుండా ఎన్నిసార్లయినా నింపే గ్లాసు. సరిగ్గా అప్పుడు ఇంటాయన వాచీ చూసుకుంటాడు.

"ఇంకో గంట ఉందామండీ, పిల్లలు నీళ్ళల్లోంచి రానంటున్నారు."

"లౌంజ్‌లో మూడు గంటలే ఉండనిస్తారు. ఇప్పుడు బయల్దేరకపోతే అందులో ఒక గంట దండగ."

ఈ జవాబులోని తర్కాన్ని మెచ్చుకోవాలి. హద్దుల్లేని ఉచిత భోజనాన్ని వదిలేసి, మూడు గంటల హద్దున్న ఉచిత భోజనానికి పిల్లల్ని తడి జుట్టుతో లాక్కెళ్ళడం మామూలు బుర్రకు తట్టే ఆలోచన కాదు. దాని వెనక కార్డు ఉంది. అమెరికాలో లౌంజ్ ప్రవేశం ఇచ్చే పేరున్న కార్డులకు ఏడాది రుసుము 395 నుంచి 895 డాలర్ల దాకా ఉంది. అది రాబట్టుకోవాలంటే ఎన్ని చీజ్ ముక్కలు, ఎన్ని క్రాకర్లు తినాలో ఎక్సెల్‌లో లెక్క వేసుకున్న పెద్దమనుషులు మనలో ఉన్నారు. శాకాహారులైతే ఆ లెక్క మరీ కష్టం, పాపం. డొమినికన్ రిపబ్లిక్‌లో పుంటా కానా విమానాశ్రయం వీళ్ళ బాధ ముందే కనిపెట్టింది. అక్కడి వీఐపీ లౌంజ్‌లో ఈత కొలనే పెట్టేశారు. సముద్రాన్ని త్యాగం చేసి వచ్చినవాళ్ళు రన్‌వే చూసుకుంటూ ఈదవచ్చు.

అమెరికాలో ఉద్యోగాలు చేసే మనవాళ్ళకు ఇందులో ఒక ఇబ్బంది ఉంది. వీసా స్టాంపు గడువు తీరినా, దేశంలో ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పే ఐ-94 చెల్లుతుంటే, మరికొన్ని షరతుల మీద 30 రోజుల్లోపు బయటికి వెళ్ళి రావడానికి ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది. హెచ్1బి ఉద్యోగ వీసా వాళ్ళకు అది మెక్సికో, కెనడాలకే. ఎఫ్1 విద్యార్థులకైతే క్యూబా తప్ప కరీబియన్ దీవులకూ వర్తిస్తుంది. అంటే 895 డాలర్ల కార్డున్న సీనియర్ ఆర్కిటెక్ట్ స్టాంపింగ్ టెన్షన్‌తో మెక్సికోలోని కాన్‌కూన్ దగ్గరే ఆగిపోతాడు. చక్రం ఊడిన సూట్‌కేసు లాక్కుంటూ, గేటు దగ్గర నేల మీద కూర్చుని చిప్స్ తినే కుర్రాడు మాంటెగో బే వెళ్ళి హాయిగా తిరిగొస్తాడు. ఇది ఏ కోణంలో చూసినా అన్యాయం. అమెరికాలో దిగాక ఇమిగ్రేషన్ త్వరగా దాటించే గ్లోబల్ ఎంట్రీని 2017 నుంచి భారతీయులకూ ఇస్తున్నారు, రుసుము 120 డాలర్లు. అది వరస తగ్గిస్తుంది గానీ పాస్‌పోర్టులో స్టాంపు మొలిపించదు. డబ్బు తీసుకుని దాటించని వరస ఒకటి ఇంకా మిగిలి ఉండటం మన కాలానికే చిన్నతనం.

లౌంజ్‌కు కూడా కష్టాలు వచ్చాయి. 1939లో న్యూయార్క్ లగార్డియాలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన లౌంజ్ అడ్మిరల్స్ క్లబ్‌ను తెరిచినప్పుడు పిలుపు అందిన పెద్దలే వచ్చేవారు. 1992లో చాలా విమానాశ్రయాల లౌంజ్‌లలోకి ప్రవేశమిచ్చే ప్రయారిటీ పాస్ మొదలైంది. ఆ తర్వాత బ్యాంకులు కార్డులతో పాటు దాన్ని పంచిపెట్టాయి. పెద్దలు ఎక్కువైపోయారు. ఇప్పుడు లౌంజ్ బయట కూడా వరస. కార్డు ఉన్నవాళ్ళు సైతం ముందుగా చోటు రిజర్వ్ చేసుకోవడానికి విడిగా రుసుము తీసుకునే లౌంజ్‌లు వచ్చాయి. వరస తప్పించుకునే చోట వరస, దాన్ని తప్పించుకోవడానికి మరో టికెట్టు. ఆరోగ్యకరమైన పురోగతి.

లోపల సీటు దొరక్క ప్లేటు పట్టుకుని నిలబడి తినేవాళ్ళను చూశాక నాకొక ఆలోచన వచ్చింది. లౌంజ్ నిండిపోయిన వేళల్లో విమానాశ్రయంలో విశాలంగా, ప్రశాంతంగా, కాళ్ళు చాపుకునేంత ఖాళీగా ఉండేవి గేటు దగ్గరి కుర్చీలే. ప్రస్తుతం వాటిని ఎవరికి పడితే వాళ్ళకు ఉచితంగా ఇచ్చేస్తున్నారు. వాటి చుట్టూ ఒక ఎర్ర తాడు కట్టి, ముందు ఒక పలక మనిషిని నిలబెట్టి, మనిషికి 60 డాలర్లు పెడితే సరిపోతుంది. ఏ సంస్థ అయినా ముందుకొస్తే మొదటి సభ్యత్వం నాకు ఉచితంగా ఇవ్వాలి. మా ఇంటివాళ్ళకు సగం ధర చాలు.